ధర్మకాంటా మీద తౌడి

మిర్యాలగూడల, మిల్లు గేటుకాడ
అరవై టన్నుల ధర్మకాంటా నాది.
నాదంటే నాది గాదు, సేటుది.
మీట నొక్కుడు, చీటీ చింపుడు నా పని.

పొద్దుగూకి వడ్ల లారీలు పలసవడ్డంక
ఎండకు కాగి ఇంకా వెచ్చగున్న ఆ ఇనుప పలకల నడుమ
తౌడి వచ్చి ఎల్లెలకల పంటది,
నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు ఒదిలేసి.
నేను కిటికీలకెల్లి ఎర్రంకెల డబ్బా చూస్తా.
సున్న.
పది కిలోల లోపటిది దాని కండ్లకు ఆనదు.

ఎలుకలకని గుమాస్తా తెచ్చిండు దీన్ని, గోనెసంచిల.
తౌడు రంగున్నదని తౌడి అయింది.
మూడేండ్లల్ల పట్టింది ఒక్క తొండను,
దాన్ని గూడ బాయిలర్ ఎనకకు తీస్కపోయి ఇడిసిపెట్టింది.
రోజుకు పావులీటరు పాలు
గుమాస్తా తన పుస్తకంల
మిషిన్ల రిపేరు కింద రాస్తడు.

నేను నిమిరితే మూడుపాల్ల దాక ఓర్సుకుంటది,
నాలుగోపాలి బొటనేలు కొరుకుతది.
కంప్యూటర్ చేతులు దానికి సప్పగ.

మట్టయ్య వచ్చిండంటే కత వేరే.
ఇరవై రెండేండ్ల హమాలీ.
కొక్కెం పట్టీ పట్టీ అరచేతులు పాత గోనెపట్టల లెక్క,
సబ్బు అరుగుతది గని నురుగు నిలవది.
మొదటిపాలి ఆయన ఎనకాడిండు:
"నా చెయ్యి గరుకు గదనే సైదమ్మా, పిల్లకు గీసుకపోతది."
తౌడి రెండు ముందుకాళ్లతోని ఆ మణికట్టు పట్టి
తన కడుపు మీదికి గుంజుకున్నది.

గంతే.
అప్పటిసంది రోజూ ఇదే తంతు.
ఆయన వేళ్లు ఆ తెల్లటి బొచ్చుల
ఊకల జారిన పైసలు ఎతికినట్టు మెల్లగ తిరుగుతయి.
లోపల్నించి గుర్రుగుర్రుమని
మిల్లు బందువెట్టినా ఆగని బెల్టు చప్పుడు.
కండ్లు మూతవడి, నాలుక కొస బయటనే మర్సిపోయి...
"ఇంట్ల ఎవ్వరికీ గింత సేవ చెయ్యలే" అంటడు మట్టయ్య,
నవ్వుతడు, నడుమల నవ్వు ఆపుతడు.

నిన్న ఇద్దరు కాంటా మీదనే ఉన్నప్పుడు
చెప్పకుంట మీట నొక్కిన.
యాభై.
ఆయన మోసే బస్తా డెబ్బై అయిదు.
చీటీ చేతిలకొచ్చింది, ఇంకా వేడిగ.
బండి నంబరు కాడ ఏం లేదు, సరుకు కాడ ఏం లేదు.
ఇయ్యాల్నా వద్దా అనుకుంట నిలవడ్డ.

గంతల కోదాడ లారీ వచ్చి హారన్ కొట్టింది.
మట్టయ్య లేవబోయిండు.
తౌడి లేవలే.
ఇంకొంచెం కింద, ఎడమ పక్కకు అన్నట్టు
ఒళ్లు ఇరిసి పొట్ట మళ్ల పైకెత్తింది.

డ్రైవర్ అద్దంలకెల్లి చూసి
ఇంజన్ బందువెట్టిండు.