రెండేళ్ల ఖాళీ

అంబత్తూర్ ఎస్టేట్ బస్టాండులో
ఆమెను పోల్చుకోవడానికి నా దగ్గరున్నది ఒకటే ఆనవాలు:
"నీలం హెల్మెట్టు. తీయను, జుట్టు చెదురుతుంది."
ల్యాబ్ అటెండరు మునస్వామి
చీటీ మీద రాసిచ్చిన నంబరు.
"తొంభై నాలుగు బ్యాచి. గట్టిగా మాట్లాడుతుంది, భయపడొద్దు" అన్నాడు.
భయపడ్డాను.

వకుళక్క వచ్చింది. హెల్మెట్టు తీసేసింది.
తమిళంలో రెండు కాఫీలు చెప్పి
తెలుగులో నన్ను తిట్టింది:
"ఏంది నాయనా ఇది, బయోడేటానా, పెండ్లిపత్రికా?"
కష్టపడే తత్వం, కొట్టేసింది.
నలుగురితో కలిసిపోయే గుణం, కొట్టేసింది.
నాయకత్వ లక్షణాలు అన్నచోట
నా మొహంలోకి ఒకసారి చూసి
రెండుసార్లు కొట్టేసింది.

తర్వాత ఆమె వేలు
రెండు తేదీల మధ్య ఆగింది.
"ఈడేం చేసినావు?"
ఏమీ లేదక్కా.
"రెండేండ్లు ఏమీ చేయకుండా ఎవురూ బతకరు."

చెప్పాను.
జాకీ జారి నాయన కాలు నలిగినాక
రేణిగుంట రోడ్డులో పంక్చరు అంగడి నేనే నడిపానని,
కాఫీ నురగలోకి చూస్తూ చెప్పాను.
రోజుకెన్ని ట్యూబులు?
తొట్టిలో ముంచితే బుడగ రాకపోతే?
బుడగ రాకున్నా గాలి పోతూంటే?
అప్పుడు చెంప దగ్గర పెట్టుకుంటానక్కా,
చెవికి వినపడనిది చెంపకు తెలుస్తుంది.

ఆమె ఏమీ అనలేదు.
ఆవడి బస్సొకటి వచ్చి, నిండి, పోయింది.
ఆ ఖాళీలో తన చేత్తోనే రాసింది:
లీకులు వెతకడం, రెండేండ్లు.

"ఉద్యోగం నేనిప్పించను. నా చేతిలో లేదు.
ఉన్నా ఇప్పించను.
వాల్వుల కంపెనీలో మన కేశవులున్నాడు, నీకంటే ఎనిమిదేండ్లు సీనియరు.
పది నిమిషాలు నీ మాట వినమంటాను.
పదకొండో నిమిషం నీది."

కేశవులు నన్ను వద్దన్నాడు.
వద్దంటూనే ఇంకొకాయన నంబరిచ్చాడు,
ఆయన ఇంకొకామెది.
మూడో కంపెనీలో, నీళ్లతొట్టి పక్కన,
పదకొండో నిమిషం నాదయింది.
తిరుపతి క్యాంటీను గోడ దగ్గర్నుంచి గిండీ దాకా
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకున్న వరస ఒకటుందని
అప్పటిదాకా నాకు తెలీదు.

నన్ను మంచివాణ్ననుకునేరు.
పదకొండేళ్లయింది.
ఇప్పుడు నా ఫోనులోకీ పిల్లలొస్తారు:
సర్, నేనూ మీ యూనివర్సిటీయే.
సర్, ఒక్క పది నిమిషాలు.
వచ్చే వారం అంటాను.
వచ్చే వారం ఎప్పుడూ వచ్చే వారమే.
మదనపల్లె షాహీనాకు మూడుసార్లు అదే చెప్పాను.
నాలుగో ఫోను వకుళక్క నుంచి.
రిటైరై, కొళత్తూరు మేడమీద
మల్లెకుండీలకు నీళ్లు పోసుకుంటున్న మనిషి.
"ఆ పొద్దు నీకు తాపిన కాఫీ డబ్బులు బాకీ ఉండావు.
నాకొద్దు. ఆ పిల్లకిచ్చెయ్."

ఆదివారం. వాన. అదే బస్టాండు.
పాలిథిన్ కవర్లో చుట్టిన ఫైలు ముందొచ్చింది,
దాని వెనక షాహీనా.
నా వేలు ఖాళీ కోసం వెతికింది.
లేదు.
కోర్సు మీద కోర్సు, సర్టిఫికెట్టు మీద సర్టిఫికెట్టు,
ఊపిరి పీల్చుకోవడానికి నెల రోజులైనా లేవు.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
చెయ్యి రాలేదు.
ఒక్కో వరసా ఎవరో భయపెడితే కట్టిన ఫీజు.

"ఇందులో లేని రోజొకటి చెప్పమ్మా."
"ఇందులో లేనిదేముంటుంది సర్?"
వానకేసి చూసింది. గ్లాసు కింద పెట్టింది.
"సెలవుల్లో... టమాటా మార్కెట్టులో
మా మామ మండీకి వేలంపాట లెక్క రాసేదాన్ని సర్.
పాట పాడేటాయన నోరు తెరవకముందే
ధర ఎక్కడాగుతుందో నాకు తెలిసిపోయేది."

"ఎట్ల తెలిసేది?"

నవ్వింది, వచ్చినప్పట్నుంచి మొదటిసారి.
ఇంకో రెండు కాఫీలు చెప్పాను.