ఇస్కపల్లి ఉప్పు

బుధవారం పొద్దున్నే మాలకొండయ్య వస్తాడు.
ఉదయగిరి పశువులాసుపత్రి మెట్ల కింద చెప్పులు విడిచి
హార్లిక్స్ సీసా నా బల్ల మీద పెడతాడు,
ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులతో.
లోపల ఎలుగొడ్డు పెంట.
సగం అరిగిన రాగిసంగటి, ఒక రేగుగింజ.
రేగుగింజ ఎక్కడిదని నేనడగను.
అతని జేబు ఇంకా ఉబ్బుగానే ఉంటుంది.

రేంజి ఆఫీసు వెనక బోనులో ఉంటుందది.
ముక్కుకి తాడు బెజ్జం, పళ్ళు పీకిన చిగుళ్ళు.
ఆడించినవాడి మీద కేసు ఆత్మకూరు కోర్టులో.
తీర్పొచ్చేదాకా అది ఎలుగు కాదు, కేసు సొత్తు.
పద్నాలుగు నెలలు.

నేను ఉప్పు కలుపుతాను.
ఇస్కపల్లి కల్లుప్పు, మా అమ్మ కయ్యల్లో గోకి పోగేసిన రకం,
ఇంక కరగనని మొండికేసేదాకా.
పెంట అందులో కలిపి, వడగట్టి, పావుగంట ఆగితే
బరువైనవన్నీ అడుక్కి పోతాయి,
గుడ్లు పైకి తేలతాయి.
కొంకిపురుగు గుడ్లు. పల్చటి పెంకు, లోపల నాలుగు ముద్దలు.
చెప్పకూడదు గానీ
ఉడికిన సగ్గుబియ్యంలా ముద్దొస్తాయి.
నలభై దాటాక లెక్క ఆపేశాను.

"అడివిలో వీటికి పురుగులుండవా అమ్మా?"

ఉంటాయి మాలకొండయ్యా, ఇవే పురుగులు.
కాకపోతే అక్కడది రాత్రంతా నడుస్తుంది,
పెంటని వెనక వదిలేసి పోతుంది.
గుడ్డులోంచి వచ్చింది పాదం కోసం
చూసి చూసి ఎండిపోతుంది.
ఇక్కడ పాదం ఎక్కడికి పోతుంది?
పదడుగుల సిమెంటు. అదే పాదం, అదే తడి.

మాత్ర బెల్లంలో పెడితే బెల్లం తిని మాత్ర ఉమ్మింది.
తాటిపండులో పెడితే పీచుతో సహా మింగింది.
సున్నం, సలసల కాగే నీళ్ళు, చీపురు.
దగ్గుతూనే కడిగాడు మాలకొండయ్య.
నీ కళ్ళె కూడా పట్రా అన్నాను. నవ్వాడు.
మనిషి దగ్గు దానికంటుకుంటుందని చెప్పాక నవ్వలేదు.
మర్నాడు రెండు సీసాలు తెచ్చాడు.
అతనిది ఇంకా నెల్లూరు నుంచి రాలేదు.

ఈ బుధవారం చుక్క శుభ్రం.
మూడుసార్లు చూసి, చీటీలో నిల్ అని రాశాను.
"నిల్లంటే?"
"ఏమీ లేదని."
చీటీ మడిచాడు, పోలేదు.
"మరి అట్నే ఊగతా ఉండాదే అమ్మా,
ఎడంపక్క మూడు, కుడిపక్క మూడు.
తాడు లేదు, డమరుకం లేదు.
తెల్లార్లూ..."

నేను నాలుగో చుక్క వేశాను.