వెంట్రుకవాసి

మన చేలలో దీన్ని తామర పురుగంటాం.
కోచి తీరాన, పసిఫిక్ గాలి ఉప్పు చల్లే అకి ఊళ్లో
దీని పేరు అజామి ఉమా. ముళ్లపువ్వు గుర్రం.
పూర్వం అక్కడి పిల్లలు ముళ్లపువ్వుని అరచేతిమీద తట్టి
రా గుర్రమా, రా ఎద్దా అని పిలిచేవారట.
రాలిన నలకల్లో ఏది నడిస్తే అది గుర్రం.

ఒకబయాషి ఐదు గుర్రాలు తెచ్చాడు,
పాత కెమెరా రీలు డబ్బాలో, ఆల్కహాలులో ముంచి.
బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.
"వంగ ఆకుల వెనక వెండి మరకలు.
డ్రమ్ములో మందు కలిపి ఉంచాను.
చీకటి పడేలోగా చెప్పండి."

ఉల్లి పురుగైతే ఆ మందుకి చస్తుంది.
పూల పసుపుదైతే మందే అక్కర్లేదు.
దక్షిణపు పసుపుదైతే
ఆ మందు తాగి మూతి తుడుచుకుంటుంది.
మధ్యలో చచ్చేవి అతని పచ్చ నల్లులు,
నువ్వు మొక్కల మీంచి దులిపి, సంచుల్లో మోసుకొచ్చి
కన్నబిడ్డల్లా పందిరి కింద వదిలినవి,
ఈ పురుగుల్నే తినేవి.

కుసునొసె తొకియె ముందు రంగు చూసింది.
నెత్తిమీది చిన్న కళ్లు ఎర్రన, బూడిద కాదు.
ఉల్లిది కాదన్నమాట. మిగిలినవి రెండు,
ఒకే పసుపు, ఒకే పొడవు,
ఏడేసి కణుపుల మీసాలు,
అంచున కుచ్చులు కుట్టిన రెక్కలు.
ఒకే ముద్దలోంచి రెండు ఆవగింజలు తీసినట్టు.

క్షారంలో నానబెట్టి లోపలి కండ కరిగించింది.
లవంగనూనె వాసన గదంతా పంటి నొప్పిలా పాకింది.
గాజుపలక మీద రెక్కలు చాచి పడుకోబెట్టేటప్పుడు
ఊపిరి బిగబట్టింది,
ఊపిరికి ఎగిరిపోయే శవాలవి.

ఇక మిగిలింది ముగ్గు.
నడినెత్తిన మూడు చుక్కలు,
ముందొకటి, వెనక రెండు.
చుక్కలు కలుపుతూ లేని గీత ఒకటి గీయాలి.
ఆ త్రికోణం లోపల మొలిచిన జత వెంట్రుకలైతే పూలది,
బయట మొలిచిందైతే దక్షిణపుది.
అంతే. ఒక పంట, ఒక రైతు, ఒక డ్రమ్ము
ఆ గీతకి ఇటో అటో.

మొదటిది లోపల.
రెండోది లోపల. మూడు, నాలుగు, లోపలే.
టీ చల్లారింది.
ఐదోదానికి వెంట్రుకలు లేవు.
డబ్బాలో కుదుపులకి విరిగిపోయాయి.

ఇరవై రెండేళ్ల క్రితం ఇలాంటి దాన్నే
తోటివాళ్ల లెక్కన కొట్టేసి
పూలదని రాసింది తొకియె.
మార్చికల్లా నిషిమోరి తోటలో కాయలన్నీ
చెట్టు బెరడు కప్పుకున్నాయి.
ఆ పలక ఇంకా ఆమె సొరుగులోనే ఉంది.
తప్పు చీటీ చింపలేదు,
దాని కిందే సరైన చీటీ అంటించింది.

ఇవాళ లెక్క మానేసి కటకం మార్చింది.
వెంట్రుక రాలిపోయినా కుదురు రాలదు.
చర్మంలో రెండు గుంటలు, సూదిమొన చిన్నబోయేంత.
గీత ఇటునుంచి వేసింది, అటునుంచి వేసింది,
కన్ను తీసి, కిటికీలోంచి సముద్రం చూసి, మళ్లీ వేసింది.
బయట.
కాస్తే, కానీ బయట.

ఫోన్ మొదటి గంటకే ఎత్తాడు.
"నాలుగు మంచివి. ఒకటి కాదు.
మందు కొట్టకండి, నల్లుల్ని రెట్టింపు వదలండి,
మరకలున్న మొక్కలు పీకేసి మూట కట్టండి."

"ఒక్కదానికేనా? తేడా ఎంతుంది?"

కాగితం మందమంత అని వాళ్ల నానుడి.
వెంట్రుకవాసి అని మనది.
తొకియె ఏ నానుడీ వాడలేదు,
ఉన్నది నిజంగా వెంట్రుకే,
అదీ ఊడిపోయింది.

"చాలినంత," అంది.

అవతల కాసేపు ప్లాస్టిక్ పందిరి గాలికి తపతప.
"మరి డ్రమ్ములో మందు?"

ఆమె కళ్లజోడు తుడుచుకుంది.
"అది నా మైక్రోస్కోపులో పట్టదండీ."