వత్తు లేని ఉప్పు

ఈ బడికి గంట లేదు.
ఆగస్టులో చేరినప్పుడు నాకు అదే వింత.
ఇరవై రెండేళ్లు ఆల్‌బోర్గ్ ఆసుపత్రి క్యాంటీన్‌లో
గంట మోగితే వడ్డించిన చేతులివి.
ఇక్కడ సూపు వాసన ఫియోర్డ్ గట్టు దాకా పోతే
అదే మధ్యాహ్నం.
పడవ కట్టే పిల్లలు చెక్కపొట్టు దులుపుకుంటూ వస్తారు.
నక్షత్రాల లెక్క వేసేవాళ్లు
పిలిచినా రారు.

వారానికి నలుగురు పిల్లలు నా వంటింటి వంతు.
దుంపల తొక్క తీస్తారు, ఆలుచిప్పల మీది నాచు గీకుతారు,
దేవుడున్నాడా లేడా అని కొట్టుకుంటారు.
తొక్క తెగకుండా ఒక్క దుంపకే
అరగంట తీసుకుంటుంది సిసెల్.
మొదటివారం కోప్పడ్డాను.
రెండోవారం ఆ తొక్కని కొక్కేనికి వేలాడదీశాను.

ఆస్గర్ మాత్రం వంతు అయిపోయినా వెళ్లలేదు.
పదకొండేళ్లవాడు. ఏ తరగతికీ పోడు.
పొమ్మని ఎవరూ అనరు, అదే ఇక్కడి పద్ధతి.
కత్తులు నూరతాడు, పొయ్యి రాజేస్తాడు,
పిండి పొంగే గిన్నె పక్కన
నిద్రపోయే పిల్లి పక్కన కూచున్నట్టు కూచుంటాడు.
"వాడికేం నేర్పుతున్నారు?" అంది వాళ్లమ్మ
సెప్టెంబరులో, కారు దిగకుండానే.
పిండికి నీళ్లెప్పుడు చాలో వాడి చేతికి తెలుసు, అన్నాను.
ఆమె కారు అద్దం పైకెత్తింది.

అక్టోబరంతా గాలి. నవంబరులో నాలుక్కే చీకటి.
పడవకి అడుగుపలకలు పడ్డాయి,
నక్షత్రాల వాళ్లకి మబ్బులే మిగిలాయి.

డిసెంబరు మొదటి శుక్రవారం
డెబ్భై మందికి బియ్యపు జావ,
మధ్యలో వెన్నముద్ద,
పైన దాల్చినపొడి కలిపిన చక్కెర.
మొదటి చెంచాకే బల్లలన్నీ మాట మానేశాయి.
తర్వాత ఎవడో సముద్రం మింగినట్టుందన్నాడు.

రెండూ ఒకేలాంటి జాడీలు.
పేర్లు నేనే రాసి అంటించాను, పెద్ద పెద్ద అక్షరాలతో.
నాలుగు నెలలు నా మోచేతి పక్కనే నిలబడ్డ పిల్లవాడికి
అవి జాడీ మీది గీతలని
అప్పుడు తెలిసింది నాకు.

సభలో అందరికీ ఒకటే ఓటు.
పెద్ద టీచర్ రాగ్న్‌హిల్డ్ చెయ్యీ, ఆరేళ్ల గ్రో చెయ్యీ
ఒకే ఎత్తు కింద లెక్క.
"ఎవరు కలిపారు?" అన్నాడు విల్‌ఫ్రెడ్,
ఈ నెల అధ్యక్షుడు, పద్నాలుగేళ్లు, కొత్తగా గొంతు మారుతున్నవాడు.
నేను చెయ్యెత్తబోయాను.
అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది.
ఆస్గర్ నాకన్నా ముందు లేచాడు.
"నేనే. నాకు చదవడం రాదు."

పొయ్యిలో కట్టె చిటపటమంది.
నేను నేలచూపులు చూశాను.
గ్రో చెయ్యెత్తింది:
"నాక్కూడా రాదు. జాడీల మీద నాలుక బొమ్మలెయ్యండి,
చక్కెరకి నవ్వే నాలుక, ఉప్పుకి వెక్కిరించే నాలుక."
చర్చ నలభై నిమిషాలు నడిచింది,
మిరియాలకి ఏ నాలుకన్న దగ్గర గొడవైంది.
తీర్మానం నెగ్గింది. వ్యతిరేకం ఒక్కటే, సిసెల్‌ది.
ఆమె దేనికైనా వ్యతిరేకమే.

ఎవరూ వాణ్ణి ఓదార్చలేదు.
ఎవరూ తరగతికి పంపనూ లేదు.
అది సరైనదేనా అంటే నాకిప్పటికీ తెలీదు.
రాత్రి బస్సులో ఇంటికి పోతూ
పదకొండేళ్లు, అనుకుంటాను, పదకొండేళ్లు.

ఇవాళ ఆఖరిరోజు. పడవలోకి ఇంకా నీళ్లొస్తున్నాయి.
ఎవరి మేజోళ్లు ఎవరు తొడుక్కుపోతున్నారో లెక్కలేదు.
అలమారా తుడుస్తుంటే కనిపించింది,
వెక్కిరించే నాలుక కింద
మొద్దు పెన్సిలుతో, వంకరగా,
ఒక కొత్త చీటీ:

ఉపు.

పకారం కింద వత్తు లేదు.
తడిగుడ్డ పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
జనవరికి జాడీ నింపాలి.
చీటీ తడవకుండా
మూత మాత్రం తుడిచాను.