కోనెం

ఫైలు తెరవగానే పైన పసుపు పట్టీ:
ఇందులో మాక్రోలున్నాయి, నమ్ముతారా అని.
రాసింది నేనే. అయినా రోజూ అడుగుతుంది.

మొదటిసారి, పేరు చివర ఎం ఉండాల్సిన చోట
ఎక్స్ ఉంచి దాచాను.
పొద్దున్నకి బొమ్మలున్నాయి, బటన్లున్నాయి,
నొక్కితే పలికేది లేదు.
మూడు రాత్రుల కోడు. మళ్ళీ రాశాను.

పెద జాలరిపేట బడి, ఆరో తరగతి.
ప్రొజెక్టరు కింద ఎత్తుకి రెండు పాత అట్లాసులు.
కిటికీకి గోనెపట్టా కట్టినా
సముద్రం వెలుతురు తెరమీదికి జొరబడుతుంది.
ఇన్నాళ్ళూ నా స్లైడ్లు ఊరేగింపులా సాగిపోయేవి,
పిల్లలు అరుగుల మీంచి చూసేవాళ్ళు.
ఇవాళ చేప ఆగి అడుగుతుంది: నా పేరేంటి?

యల్లాజీ లేచాడు,
హాజరుకి తప్ప నోరు విప్పనివాడు.
ఒక్కో అక్షరం కీల మధ్య వెతికి వెతికి
కోనెం అని కొట్టాడు.

ఎర్ర ఇంటూ. బజరు.

క్లాసు నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు. నలభై మందీ నా వైపు చూశారు,
తూకంలో మోసం పట్టుకున్నట్టు.

"తప్పంటాదేటి సార్?
తెల్లారగట్ల హార్బర్లో మాయమ్మ పాటలో కొన్నాది
దీన్నే!"

నా జవాబు వంజరం.
మెట్ట ఊరివాణ్ణి, చేపల పేర్లు అచ్చులో నేర్చినవాణ్ణి.
మెషీనుది తప్పేముంది?
ఒక్క పేరే చెప్పాను, ఆ ఒక్కటే పట్టుకు కూచుంది.

షో ఆపి, అందరి ముందే కోడు తెరిచాను.
"ఇదేనా సార్ లోపలున్నాది?" అంది తెడ్డు సుకన్య,
పొట్ట చీల్చిన చేపలోకి తొంగి చూసినట్టు.
ఇదే.
ఇఫ్ ఉన్న వరసలో, వంజరం పక్కన
ఒక ఆర్.

ఆ కిటికీకి తెలుగు రాదు,
అక్షరానికో అంకె ఇవ్వాలి.
క అంటే మూడు వేల తొంభై మూడు,
న అంటే మూడు వేల నూట పన్నెండు.
యల్లాజీ నల్లబల్ల మీద రాసుకుంటూ పోయాడు.
సున్నాకి కూడా అంకెుందని తెలిసి
ఒకసారి వెనక్కి తిరిగి నవ్వాడు.

మళ్ళీ నొక్కాడు. నీలం అలలు.

ఆ తర్వాత నా పాఠం నా చేతుల్లో లేదు.
కానాగంతకి ఒకడు, గులివిందకి ఇద్దరు,
సావడాయి బొమ్మే తప్పని సుకన్య.
ఎన్ని ఆర్‌లు చేర్చానో,
లైను తెర అంచు దాటిపోయింది.

గంట కొట్టారు.
మార్కులు దాచే లైను రాయడం మరిచానని అప్పుడు చూసుకున్నాను,
షో మూయగానే స్కోరు సున్నా.
ఎవరూ అడగలేదు.