కూతవేటు

పొద్దుగాల నాలుగింటికి సజ్జా క్యాంపు గేటు ముంగట
తెల్ల బస్సు ఇంజను ఆపకుండ నిలవడ్తది.
జబల్ అలీ గోదాముల నా ఫోర్క్‌లిఫ్ట్
ఆరు కొట్టంగనే తాళం అడుగుతది.
నడుమ గంటన్నర.
పొయ్యేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర.
తొవ్వల లారీ బోర్ల పడ్డనాడు
లెక్క డ్రైవర్ గుల్ జమాన్ చేతుల సుత ఉండదు.

కిటికీ అద్దాల మీద తలల నూనె మరకలు,
ఎవల మరక వాళ్ళది.
పదకొండేండ్లు నేను దీన్ని దూరమనుకోలే.
బస్సనుకున్న.

మొన్న శుక్రారం, బట్టలు పిండి ఆరేసినంక,
జీతం చీటి ఎన్కపక్క లెక్క రాసిన:
దినానికి మూడు గంటలు, నెలకు ఇరవై ఆరు దినాలు,
ఏడాదికి తొమ్మిదొందల ముప్పై ఆరు గంటలు.
ఇరవై నాలుగుతోని భాగిస్తే ముప్పై తొమ్మిది.
ముప్పై తొమ్మిది దినాలు, రాత్రీ పగలూ,
రెగ్జిన్ సీటు మీద.
లస్మయ్య పక్క మంచం మీదికెళ్ళి తప్పు పట్టిండు:
"సెలవు నెల తీసెయ్ రా, అప్పుడు ఇంటికాడుంటవు గద."
తీసేసిన.
ముప్పై ఆరుకు జర తక్కువ.

కంపెనీ నాకిచ్చే సెలవు ముప్పై.

మళ్ళొకపారి చేసిన,
ఏడనన్న తప్పు దొరుకుతదేమోనని.

డిస్కవరీ గార్డెన్స్‌ల ఒక పడక ఖాళీ ఉన్నదన్నరు,
గోదాముకు ఇరవై నిమిషాలు.
ఆరొందల యాభై దిర్హాములు.
క్యాంపుల పడకకు కిరాయి లేదు.
"పండుకునేటందుకు పైసలు పెడ్తవా?" అని
క్యాంప్ బాస్ కడుపు పట్టుకొని నవ్విండు.

మా దిక్కు దూరాలకు పేర్లుండె:
చుట్ట కాలేంత దూరం,
దూడ అంబా అంటే ఆవు చెవి నిక్కేంత దూరం,
కూతవేటు, అంటే పిలిస్తే "ఓ" అనేంత.
ఈ రోడ్డుకు ఏం పేరు పెట్టాలె?
మూడు సాలిక్ గేట్లు, రెండు కునుకులు,
ఒక్క ఉచ్చ ఆపుకునుడు.

జమునకు ఫోన్ చేసిన. మెట్‌పల్లిల బీడీలు చుడ్తది.
ఆరొందల యాభై అంటే ఆమె లెక్కల అరవై వేల బీడీలు.
జర సేపు కత్తెర సప్పుడే వినవడ్డది.
"మూడు గంటలల్ల నేను నాలుగొందలు చుడ్త," అన్నది,
"నువ్వు బస్సుల ఏం చేస్తవ్?"
కూసుంట, అన్న.
"పైసల్లేకుండ?"
అవు, అన్న.
"పైసలియ్యకుంటె నేను ఆకు సుత తడుప."

గంట.
పోను రాను కలిపి గంట, అంతకు మించి ఒద్దని
గీత గీసుకున్న.
ఎక్కుమంటె ఎక్కినోణ్ణి, దిగుమంటె దిగినోణ్ణి,
గీత గీసే పని నాకు ఎన్నడు పడలే.
గీసేటప్పుడు చెయ్యి వంకర పోయింది.

కొత్త పడక పై అరది. సీలింగు ముక్కుకు తగుల్తది.
కింద నేపాలీ పిల్లగాడు, సూపర్ మార్కెట్ల పని,
నిద్రల ధరలు పల్కుతడు.
మొదటి వారమంత నాలుగింటికే మెలకువ.
చేతుల గంటన్నర ఉన్నది, ఏం చెయ్యాల్నో తెల్వలే.
గోళ్ళు తీసుకున్న. చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకున్న.
ఒకనాడు మెట్ల మీద కూసొని
చాయ్ మీద మీగడ కట్టేదాక ఊకెనే చూసిన.

ఆ దినమే గోదాము ముంగట తెల్ల బస్సు ఆగింది.
లస్మయ్య దిగిండు, చెంప మీద సీటు కుట్టు అచ్చు.
పదకొండేండ్లు ఆ చెంప నా భుజం మీదుండె.
"ఎట్లున్నదిరా?" అన్నడు.
దగ్గర, అన్న.
తలూపిండు.
"నీ సీట్ల నా సద్ది గిన్నె పెడ్తున్న," అన్నడు,
"చారు ఒలుకుత లేదిప్పుడు."