ఏ పదును?

తొమ్మిదో తరగతి పాఠంలో 'కీన్' అనే మాట తగిలింది.
నల్లబల్ల మీద రాసి
పక్కన 'పదునైన' అని రాశాను.

ఉరుకుందమ్మ చెయ్యెత్తింది.
"ఏ పదును సార్?
కొడవలిదా, చేనిదా?"

సుద్దముక్క వేళ్లలోనే ఆగింది.
తుగ్గలి మీద నెలన్నరగా మబ్బు పోతా ఉంది,
నిలబడటం లేదు.
ఇంటింటా గొర్రు గోడకానించి,
శనక్కాయ ఒలిచి గంపకెత్తి
ఒకటే మాట: పదును కావాల.

ఆ రాత్రి డిక్షనరీ తీశాను.
అట్ట ఊడిన పాత పుస్తకం,
చెదలు తినగా మిగిలిన పేజీ.
కీన్ మొదట్లో కత్తిది కాదట.
మనిషిదట. గుండె గలవాడు, ఎరుక గలవాడు.
ఎన్నో తరాలకు గానీ
ఆ మాట మనిషిని దిగి
ఇనుము అంచున కూర్చోలేదు.

దాని కిందే ఇంకో కీన్.
ఐర్లండు నుంచి వచ్చింది.
పేరొకటే గానీ చుట్టరికం లేదు.
శవం పక్కన కూర్చుని
రాగం తీసి ఏడవడం.

సాన దస్తగిరి పోయిన రోజు గుర్తొచ్చింది.
సైకిలు వెనక సానరాయి బిగించి
పత్తికొండ, ఆస్పరి, గుత్తి సంతలు తిరిగినోడు.
నూరిన కత్తిని బొటనవేలి గోటికి ఆనించి
"జారితే మొద్దు, పట్టుకుంటే పదును" అనేవాడు.
ఆ రోజు ఖాసింబీ
వాకిట్లో ఆ చక్రాన్ని వాటేసుకుని,
"ఊరందరి కొడవండ్లు నూరితివే
నా నోరు మొద్దు చేసి పోతివే" అని
గొంతెత్తింది.
వీధి చివర నిలబడ్డ నాకు
గోటి కింద ఎక్కడో
పట్టుకుంది.

ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదని
రాసినాయన తుగ్గలికి వచ్చి ఉండడు.

నాలుగో రోజు తెల్లవారుజామున వాన.
గంట కొట్టేసరికి తరగతిలో పదకొండు మంది.
కొందరు వజ్రాలు ఏరను పోయినారంట,
తక్కినోళ్లు చేలల్లో.

బడి గోడ అవతల ఎర్రనేలలో
ఉరుకుందమ్మ వంగి
గుప్పెడు మట్టి తీసి పిసికింది.
ఉండ కట్టింది.
వేలితో తాకితే విచ్చుకుంది.
వాళ్ల నాయన ఎద్దుల్ని అదిలించినాడు.

కిటికీలో నన్ను చూసి
మట్టిచెయ్యి పైకెత్తి అరిచింది:
"ఇది సార్!"

హాజరు పట్టీలో ఆమె పేరు దగ్గర
మధ్యాహ్నం దాకా
ఏమీ వెయ్యలేదు.